ఇంటి సౌర బ్యాటరీ వ్యవస్థను లిథియం సెల్లులకు మార్చడం

ఇంటి పైకప్పు మీది సౌర ఫలకాలు పగలు ఇచ్చే విద్యుత్తును రాత్రి వాడకానికి, కరెంటు పోయిన వేళకు నిల్వచేసే బ్యాటరీల వరుసను బ్యాటరీ బ్యాంకు అంటారు. తెలుగు ఇళ్లలో ఈ వరుస చాలాకాలంగా సీసం–ఆమ్ల బ్యాటరీలతోనే నడుస్తోంది. వాటిని తీసి లిథియం సెల్లులు అమర్చడం ఈ వ్యాస విషయం. బ్యాటరీతోపాటు చార్జింగు వోల్టేజీ, రక్షణ పరికరాలు, తీగల మందం, ఒక్కోసారి ఇన్వర్టరు కూడా మార్చవలసి వస్తుంది. ఈ పని చేయించుకున్నవారికి ఎదురయ్యే ఇబ్బందులు ఎక్కువగా సెల్లుల వల్ల వచ్చేవి కావు, మార్చకుండా వదిలేసిన పాత సెట్టింగుల వల్ల వచ్చేవి.

ఉదాహరణలకు ఈ వ్యాసం చీడికాడ ప్రాంతాన్ని తీసుకుంటుంది. చోడవరం, మాడుగుల, దేవరాపల్లి మండలాల నడుమ ఉన్న ఈ మండలం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. కోనాం జలాశయం ఈ మండలంలోనిదే. విద్యుత్తును విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (ఏపీఈపీడీసీఎల్) అందిస్తుంది.

చరిత్ర

తిరిగి చార్జి చేయగల సీసం బ్యాటరీని ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించాడు. 1881లో కామిల్ ఫోర్ సీసపు చట్రానికి ముద్ద పూసిన ప్లేట్లు తయారుచేయడంతో అది కర్మాగార వస్తువైంది. అప్పటినుంచి దాని మూలసూత్రం మారలేదు. ఈనాటి ఇన్వర్టరు కింద కూర్చున్న ట్యూబులర్ బ్యాటరీ ఆ కుటుంబంలోదే.

లిథియం బ్యాటరీ చరిత్ర దీనికంటే చాలా చిన్నది. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ వేసిన పునాది మీద, 1980లో జాన్ గుడెనఫ్ కోబాల్ట్ ఆక్సైడుతో ధన ఎలక్ట్రోడును తయారుచేశాడు. 1985లో అకిరా యోషినో సురక్షితమైన నమూనాను పూర్తిచేశాడు. 1991లో సోనీ సంస్థ దాన్ని మార్కెట్టుకు తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఇంటి నిల్వకు పనికివచ్చిన రసాయనం వేరు: లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్‌ఎఫ్‌పీ). టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గుడెనఫ్ బృందం 1997లో దీన్ని ప్రకటించింది. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు అక్షయ పాధిది. సహరచయితల్లో నంజుండస్వామి ఉన్నారు.

తెలుగు ప్రాంతంలో బ్యాటరీ పరిశ్రమ, వాడకం

తిరుపతి సమీపంలోని కరకంబాడిలో 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా బ్యాటరీస్ సీసం బ్యాటరీలతో దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఆ సంస్థే 2023లో పేరును అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మార్చుకుంది. అంతకు ముందు, 2022 డిసెంబరులో, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్లుల కర్మాగారం కోసం తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ప్రకటించిన పెట్టుబడి పదేళ్లలో రూ.9,500 కోట్లు, లక్ష్యం ఏటా 16 గిగావాట్-గంటల సెల్లులు. సీసంతో ఎదిగిన సంస్థ పేరులోంచి ‘బ్యాటరీస్’ అనే మాటనే తీసివేయడం గమనించదగిన విషయం.

తిరుపతిలోనే మునోత్ ఇండస్ట్రీస్ రూ.165 కోట్లతో నెలకొల్పిన లిథియం సెల్లుల కర్మాగారంలో 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. అక్కడి 10 ఆంపియర్-గంటల సెల్లులు ప్రధానంగా పవర్‌బ్యాంకుల వంటి చిన్న పరికరాల కోసం ఉద్దేశించినవి, ఇంటి నిల్వకు వాడే పెద్ద సెల్లులు కావు. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ ఎల్‌ఎఫ్‌పీ ఎలక్ట్రోడు పదార్థాన్ని తయారుచేసే పద్ధతిని అభివృద్ధిపరిచింది. అయినా మన ఇళ్లకు చేరుతున్న పెద్ద ప్రిస్మాటిక్ (పెట్టె ఆకారపు) సెల్లుల్లో అత్యధికం చైనాలో తయారైనవే.

ఉత్తర కోస్తాలో ఇన్వర్టరు ఇంటి సామాను కావడానికి రెండు కారణాలు చెప్పవచ్చు. 2012–13లో ఉమ్మడి రాష్ట్రంలో వేళాపాళా లేకుండా సాగిన కోతలు ఒకటి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను రెండోది. స్తంభాలు కూలి, రోజుల తరబడి కరెంటు లేని స్థితిని ఆ జిల్లా అప్పుడు చూసింది. సాధారణ ఇన్వర్టరు అటువంటప్పుడు మొదటి రాత్రే చేతులెత్తేస్తుంది. దాన్ని మళ్లీ నింపేందుకు సౌర ఫలకం కావాలన్న ఆలోచన బలపడిందీ ఆ అనుభవంతోనే.

సీసం–ఆమ్ల బ్యాటరీ పరిమితులు

సీసం బ్యాటరీలో ఒక ప్లేటు లెడ్ డయాక్సైడు, మరొకటి మెత్తని సీసం, నడుమ సజల గంధకామ్లం. కరెంటు తీసుకుంటున్నకొద్దీ రెండు ప్లేట్లమీదా లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. చార్జి చేస్తే కరిగిపోతుంది. సగం ఖాళీగా రోజులతరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలై ప్లేటుకు అంటుకుంటుంది, ఇక కరగదు. దీన్నే సల్ఫేషన్ అంటారు.

సౌర వ్యవస్థలో సీసం బ్యాటరీ తొందరగా దెబ్బతినడానికి ప్రధాన కారణం ఇదే. సీసం బ్యాటరీ మొదటి 80 శాతాన్ని చురుగ్గా తీసుకుంటుంది. చివరి 20 శాతానికి తక్కువ కరెంటుతో గంటలకొద్దీ సమయం అడుగుతుంది. గోడ ప్లగ్గు నుంచి చార్జి అయ్యే ఇన్వర్టరుకు ఆ గంటలు దొరుకుతాయి. శ్రావణ, భాద్రపదాల్లో మబ్బు చాటునుంచి రెండు మూడు గంటలు మాత్రమే వచ్చే ఎండకు దొరకవు. వారాల తరబడి పూర్తిగా నిండని బ్యాటరీ, వానాకాలం ముగిసేసరికి సామర్థ్యంలో కొంత భాగాన్ని శాశ్వతంగా కోల్పోతుంది. ‘కొత్తలో రాత్రంతా వచ్చేది, ఇప్పుడు పదింటికే కూతపెడుతోంది’ అన్న ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

మిగతా పరిమితులు తెలిసినవే. ఆయుష్షు కోసం సగానికి మించి ఖాళీ చేయకూడదు. డిస్టిల్డ్ వాటరు పోస్తూ ఉండాలి. పరిసర ఉష్ణోగ్రత 25 డిగ్రీలనుంచి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు జీవితకాలం దాదాపు సగమవుతుంది. చార్జింగు చివర హైడ్రోజను వెలువడుతుంది కనుక గాలి ఆడే చోటు కావాలి. 150 ఆంపియర్-గంటల ట్యూబులర్ బ్యాటరీ బరువు 55–65 కిలోలు.

లిథియం సెల్లుల రకాలు

లిథియం అనే ఒక్క మాట కింద అనేక రసాయనాలు ఉన్నాయి. ఫోన్లలో కోబాల్ట్ ఆక్సైడు, అనేక విద్యుత్ స్కూటర్లలో నికెల్–మాంగనీస్–కోబాల్ట్ (ఎన్‌ఎంసీ), ఇంటి నిల్వలోను ఇ-ఆటోల్లోను ఎక్కువగా ఎల్‌ఎఫ్‌పీ కనిపిస్తాయి. ఎన్‌ఎంసీ అదే బరువులో ఎక్కువ శక్తిని నింపుకుంటుంది. కదలని ఇంటి బ్యాటరీకి బరువు తగ్గించుకోవలసిన అవసరం అంతగా లేదు. ఎల్‌ఎఫ్‌పీలో ఫాస్ఫరస్–ఆక్సిజన్ బంధం గట్టిది కావడంతో వేడెక్కినా ఆక్సిజన్ సులభంగా విడివడదు. ఇంట్లో పెట్టుకోవడానికి దాన్నే ఎంచుకోవడానికి మొదటి కారణం ఇది.

ఒక ఎల్‌ఎఫ్‌పీ సెల్లు నామమాత్ర వోల్టేజీ 3.2. పైహద్దు 3.65, కిందిహద్దు 2.5 వోల్టులు. నాలుగు సెల్లులు వరుసగా కలిపితే 12.8, ఎనిమిది కలిపితే 25.6, పదహారు కలిపితే 51.2 వోల్టులు వస్తాయి. ఇవి పాత 12, 24, 48 వోల్టుల ఇన్వర్టర్లకు దగ్గరగా సరిపోవడం వల్లనే ఈ మార్పు సాధ్యపడుతోంది. ఎన్‌ఎంసీ సెల్లు నామమాత్ర వోల్టేజీ సుమారు 3.7 కనుక అది ఈ మెట్లకు అంత చక్కగా అమరదు. స్కూటరు నుంచి తీసిన పాత ప్యాకును ఇంటి ఇన్వర్టరుకు తగిలించే ప్రయత్నాలు మంచివి కాకపోవడానికి ఇదొక కారణం. ఆ సెల్లుల గత చరిత్ర తెలియకపోవడం ఇంకా పెద్ద కారణం.

బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ (బీఎంఎస్)

సీసం బ్యాటరీని కాస్త ఎక్కువ చార్జి చేస్తే నీళ్లు హైడ్రోజను, ఆక్సిజనుగా విడిపోయి తగ్గుతాయి, మళ్లీ పోస్తే సరిపోతుంది. లిథియం సెల్లుకు అలాంటి వెసులుబాటు లేదు. అందుకే ప్రతి ప్యాకులోను బీఎంఎస్ అనే ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. అది ఒక్కొక్క సెల్లు వోల్టేజీని, మొత్తం కరెంటును, ఉష్ణోగ్రతను కనిపెడుతూ హద్దు దాటగానే సర్క్యూటును తెంచివేస్తుంది. సెల్లుల మధ్య తేడా వస్తే ఎక్కువ నిండినదాన్ని రెసిస్టర్ల ద్వారా నెమ్మదిగా తగ్గించి సమం చేస్తుంది. ఖరీదైనవాటిలో ఒక సెల్లు నుంచి మరోదానికి శక్తిని బదిలీచేసే ఏర్పాటు ఉంటుంది.

బీఎంఎస్ ఆఖరి కాపలాదారు. రోజూ దానిచేతనే చార్జింగు ఆపించడం దుర్వినియోగం. పాత చార్జరు హద్దు దాటి తోస్తున్నప్పుడు బీఎంఎస్ సర్క్యూటును తెంచితే, ఇన్వర్టరు తీగల్లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి దానిలోని భాగాలు కాలిపోవచ్చు.

మార్పు ప్రక్రియ

అవసరం లెక్క. చీడికాడలాంటి ఊళ్లో ఒక మధ్యతరగతి ఇంటిని ఊహించుకుందాం. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు 8 గంటలు తిరిగితే 1.8 యూనిట్లు. ఎల్‌ఈడీ బల్బులు, టీవీ, ఇంటర్నెట్ పెట్టె కలిసి మరో 0.54 యూనిట్లు. మొత్తం 2.34. ఇన్వర్టరులో పోయే నష్టాన్ని కలిపితే బ్యాటరీ నుంచి సుమారు 2.7 యూనిట్లు కావాలి. సగమే వాడాలనే నియమంతో సీసానికైతే 5.4 యూనిట్ల సామర్థ్యం అవసరం. 24 వోల్టుల వ్యవస్థలో అది నాలుగు 150 ఆంపియర్-గంటల బ్యాటరీలు, దాదాపు 240 కిలోల బరువు. 80 శాతం వాడే ఎల్‌ఎఫ్‌పీకి 3.4 యూనిట్లు చాలు. 25.6 వోల్టుల 150 ఆంపియర్-గంటల ప్యాకు (3.84 యూనిట్లు) ఒక్కటి సరిపోతుంది.

అదే ఇంట్లో ముందుగా ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీ రకానికి మారిస్తే వాటి ఖర్చు 0.72 యూనిట్లకు పడిపోయి, 100 ఆంపియర్-గంటల ప్యాకు సరిపోతుంది. బ్యాటరీ దుకాణం కంటే ముందు ఫ్యాన్ల దుకాణానికి వెళ్లడం లాభమన్నమాట. ఒక కిలోవాట్ సౌర ఫలకాలు మంచి ఎండ రోజున ఈ ప్రాంతంలో సుమారు 4 యూనిట్లు ఇస్తాయి కనుక రెండు లెక్కల్లోను బ్యాటరీ నిండుతుంది.

ఇన్వర్టరు, చార్జరు సెట్టింగులు. మార్పులో అసలు మెలకువ ఇక్కడ ఉంది. 12 వోల్టుల వ్యవస్థను తీసుకుంటే, ట్యూబులర్ బ్యాటరీకి కొన్ని ఇన్వర్టర్లు 14.8 వోల్టుల దాకా చార్జింగు ఇస్తాయి. నాలుగు సెల్లులకు పంచితే ఒక్కొక్కదానికి 3.7, అంటే పైహద్దుకు ఆవల. ఎల్‌ఎఫ్‌పీకి 14.0 నుంచి 14.4 మధ్య, ఫ్లోటు (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 13.5 దగ్గర పెట్టడం మామూలు. సల్ఫేషన్ వదిలించడానికి అప్పుడప్పుడు 15 వోల్టులు దాటించే ఈక్వలైజేషన్ దశను, ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ మార్చే సర్దుబాటును పూర్తిగా ఆపివేయాలి. వోల్టేజీ పడిపోయినప్పుడు లోడును ఆపే హద్దు సీసానికి 10.5 వోల్టులు. ఎల్‌ఎఫ్‌పీకి దాన్ని 11.5–12కి పెంచితే సెల్లులు అట్టడుగుకు చేరవు. ఈ విలువలేవీ మార్చే వీలులేని పాత ఇన్వర్టరు ఉంటే దాన్ని కూడా మార్చడమే మార్గం. సౌర చార్జ్ కంట్రోలరు విడిగా ఉంటే దానికీ ఇవే సెట్టింగులు వర్తిస్తాయి. ఇన్వర్టరును సరిచేసి కంట్రోలరును మరచిపోవడం తరచు జరిగే పొరపాటు.

చార్జింగు వేగం. సీసం బ్యాటరీకి సామర్థ్యంలో పదో వంతు కరెంటు, అంటే 150 ఆంపియర్-గంటలకు 15 ఆంపియర్లు ఇస్తారు. ఎల్‌ఎఫ్‌పీ సగం వంతును తేలిగ్గా తట్టుకుంటుంది. పైగా దాదాపు చివరిదాకా అదే వేగంతో తీసుకుంటుంది, పూర్తిగా నిండకపోయినా నష్టం లేదు. పైన చెప్పిన వానాకాలపు సమస్యకు పరిష్కారం ఈ గుణంలోనే ఉంది. చార్జింగులో వేసిన శక్తిలో సీసం 70–85 శాతం, ఎల్‌ఎఫ్‌పీ 92 శాతానికి మించి తిరిగి ఇస్తాయి.

సెల్లుల అమరిక. తయారుగా ఉన్న ప్యాకుకు బదులు విడి సెల్లులు కొని కట్టుకునేవారూ ఉన్నారు. 280 ఆంపియర్-గంటల సెల్లులు పదహారు కలిస్తే 14.3 యూనిట్ల నిల్వ అవుతుంది. అన్నీ ఒకే సామర్థ్యం, ఒకే వయసు ఉన్నవై ఉండాలి. వరుసలో కలిపే ముందు అన్నిటినీ సమాంతరంగా కలిపి 3.65 వోల్టుల దాకా నెమ్మదిగా చార్జి చేస్తే ఒకే స్థాయికి వస్తాయి. ఈ మెట్టు దాటవేస్తే ఒక సెల్లు ముందే నిండి, మిగతావి నిండకముందే బీఎంఎస్ ఆపేస్తుంది. పాత సీసం బ్యాటరీని కొత్త లిథియం ప్యాకుతో సమాంతరంగా కలపకూడదు. రెండింటి వోల్టేజీ తీరు వేరు కావడంతో ఎప్పుడూ ఒకదానిమీదే భారం పడుతుంది.

మిగిలిన చార్జిని తెలుసుకోవడం. వోల్టు మీటరు చూసి సీసం బ్యాటరీ స్థితిని అంచనా వేయడం అలవాటైన పని. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ 20 నుంచి 90 శాతం చార్జి దాకా 3.2–3.3 మధ్యనే నిలకడగా ఉంటుంది. అందువల్ల వచ్చిపోయే కరెంటును లెక్కగట్టే షంటు మీటరు కావాలి, లేదా బీఎంఎస్ లెక్కను ఫోన్లో చూసుకోవాలి.

భద్రత

12 వోల్టుల బ్యాటరీ నుంచి 1,000 వాట్లు లాగితే తీగలో 85–90 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 48 వోల్టులలో అదే లోడుకు కరెంటు పావు వంతే. అందుకే పెద్ద వ్యవస్థలు ఎక్కువగా 48 వోల్టులకు మారాయి. వదులు లగ్గు, సరిగా నొక్కని క్రింపింగు ఇంత కరెంటు వద్ద నిప్పుకు దారితీస్తాయి. ఉప్పుగాలి, తేమ ఉన్న కోస్తాలో టెర్మినళ్లను ఏడాదికోసారైనా విప్పి తుడిచి మళ్లీ బిగించడం మంచిది.

ఎల్‌ఎఫ్‌పీ సెల్లు అంతర్నిరోధం చాలా తక్కువ. షార్టయితే వేల ఆంపియర్లు వెలువడతాయి. ఇంటి బోర్డుమీది ఏసీ ఎంసీబీ ఆ డీసీ ఆర్కును తెంచలేదు. బ్యాటరీ ధన టెర్మినలుకు దగ్గరలోనే డీసీ కోసం తయారైన ఫ్యూజు ఉండాలి. పెద్ద ప్యాకులకు టీ తరగతి ఫ్యూజులు వాడతారు. పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, గొలుసులు, చేతి కడియాలు తీసేయాలి.

ఎల్‌ఎఫ్‌పీ తేలిగ్గా మండదు అన్నమాట నిజమే, అసలు మండదు అన్నది నిజం కాదు. దెబ్బతిన్న సెల్లు వదిలే వాయువులకు మంట అంటుకునే గుణం ఉంది. పడకగదిలో, మెట్ల కింద బయటికి దారి ఉన్నచోట, పూజగది పక్కన అమర్చకూడదు. నీడ, గాలి ఉన్న వరండా గోడ సరైన చోటు. సున్నా డిగ్రీలకు కింద చార్జి చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని సెల్లు పాడవుతుంది. చీడికాడలో ఆ బెడద లేదు. కొండల్లోని లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున గుర్తుంచుకోవలసిన సంగతి. మైదానంలో ముప్పు ఎండాకాలపు రేకుల షెడ్డు నుంచి వస్తుంది. పూర్తిగా నిండి, వేడిలో ఉండిపోయిన సెల్లు వాడకపోయినా ముసలిదవుతుంది.

ఆర్థిక కోణం

ఒక 150 ఆంపియర్-గంటల ట్యూబులర్ బ్యాటరీ సగం లోతు వాడకంతో 1,500 సార్లు పనిచేస్తుందనుకుంటే జీవితకాలంలో 1,350 యూనిట్లు ఇస్తుంది. 12.8 వోల్టుల 100 ఆంపియర్-గంటల ఎల్‌ఎఫ్‌పీ 80 శాతం లోతుతో 4,000 సార్లకు దాదాపు 4,100 యూనిట్లు, అంటే మూడు రెట్లు ఇస్తుంది. ఈ సంఖ్యలు 25 డిగ్రీల వద్ద పరీక్షలనుంచి వచ్చే తరహావి. మన ఎండల్లో రెండూ కొంత తగ్గుతాయి.

అయితే ఈ లెక్క రోజూ రాత్రి బ్యాటరీ మీద బతికే ఇంటికే వర్తిస్తుంది. వారానికోసారి అరగంట కరెంటు పోయే ఇంట్లో 4,000 సార్ల ఆయుష్షు ఖర్చయ్యేలోపే కాలం చెల్లిపోతుంది. అలాంటి ఇంటికి సీసం బ్యాటరీ ఇంకా సమంజసమైన ఎంపికే.

పన్నుల్లో తేడా కూడా కొంతకాలం పనిచేసింది. లిథియం–అయాన్ బ్యాటరీల మీద జీఎస్టీ 2018 జులైలో 28 నుంచి 18 శాతానికి తగ్గింది. సీసం బ్యాటరీలు 28 శాతంలోనే కొనసాగి, 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి వచ్చాయి.

పథకాలు, ప్రమాణాలు

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు రూ.30,000, 3 కిలోవాట్లు, ఆపైన ఉంటే మొత్తం రూ.78,000 రాయితీ ఇస్తుంది. రాయితీ లెక్క ఫలకాల సామర్థ్యం మీద ఉంటుంది, బ్యాటరీకి విడిగా ఏమీ రాదు. ఈ పథకం కింద ఎక్కువగా అమర్చేది గ్రిడ్‌తో ముడిపడిన వ్యవస్థ. లైన్‌మన్ ప్రాణరక్షణ కోసం, లైనులో కరెంటు పోగానే అది తనంతట తానే ఆగిపోతుంది. నెత్తిన ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఈ సంగతి అమర్చుకున్నాక తెలిసి ఆశ్చర్యపోయేవారు చాలామంది. కోతల్లోనూ వాడాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి బ్యాటరీ ఉండాలి. నెట్ మీటరు ఉన్న ఇంట్లో ఈ మార్పు చేసే ముందు పంపిణీ సంస్థ అనుమతి తీసుకోవాలి.

సౌర వాడకపు బ్యాటరీలకు ఐఎస్ 16270, లిథియం సెల్లుల భద్రతకు ఐఎస్ 16046 భారతీయ ప్రమాణాలు.

పాత బ్యాటరీల పారవేత

2001 నాటి నిబంధనల స్థానంలో కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టు 22న బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. వాడిన బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత ఉత్పత్తిదారుది. మామూలు చెత్తలో కలపకుండా అప్పగించడం వాడకందారు బాధ్యత. యాసిడ్‌ను పెరట్లోనో కాలువలోనో పారబోసి ప్లేట్లు మాత్రం అమ్ముకోవడం నిబంధనలకు విరుద్ధం, అంతకుమించి ఆ ఇంటి పిల్లలకు ప్రమాదం. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కొత్తది కొన్న చోటే పాతది మూతలు తీయకుండా ఇచ్చేయడం సరైన పద్ధతి.

సీసం బ్యాటరీ బరువులో 60–70 శాతం సీసమే. దాన్ని కరిగించి మళ్లీ బ్యాటరీగా చేస్తారు కనుక పాతదానికి తూకం వేసి డబ్బిస్తారు. ఎల్‌ఎఫ్‌పీ సెల్లులో నికెలు, కోబాల్టు లేవు. పాడైన ప్యాకుకు తుక్కు బజారులో అంతటి గిరాకీ లేదు.